పాత గేమ్ షోలు: ఏవి మళ్లీ వస్తాయి, ఏవి ఎప్పటికీ రావు

మా అమ్మ మొదటిసారి అమెరికా వచ్చి ఆరు నెలలు ఉన్నప్పుడు పగలంతా ఇంట్లో ఒక్కతే ఉండేది. తెలుగు చానెళ్లు పెట్టించాం. అయినా సాయంత్రం నేను ఆఫీసు నుంచి వచ్చేసరికి టీవీలో చాలాసార్లు ‘ద ప్రైస్ ఈజ్ రైట్’ పాత ఎపిసోడ్లే నడుస్తుండేవి. అమ్మకు ఇంగ్లీషు అంతంతమాత్రం. ఆ ఆటకు అంత ఇంగ్లీషు అక్కర్లేదు. తెర మీద ఒక వస్తువు చూపిస్తారు, దాని ధర ఎంతో చెప్పాలి. బట్టలుతికే మిషన్ చూపించగానే అమ్మ సోఫాలోంచే “నాలుగొందలు” అనేది. దగ్గరగా వస్తే ఆ పూటంతా ఆనందమే.

ఒకరోజు వంటింట్లో ఉన్న నన్ను పిలిచింది. “ఇదెప్పటిదిరా? కారు ఏడువేల డాలర్లేమిటి? నిన్నటిదాకా ఈయనకు నల్లజుట్టు, ఇవాళ మొత్తం తెల్లబడిపోయిందేం?” ఆయన బాబ్ బార్కర్. 1972 నుంచి 2007 దాకా ఆ షో నడిపారు. 1987లో జుట్టుకు రంగు వేసుకోవడం మానేశారు. అమ్మ చూసింది సరిగ్గా ఆ మలుపే. ఆ సంగతి చెప్పాక ఇంకో ప్రశ్న వేసింది. “మరి ఇంకా పాతవి వెయ్యరా?”

దానికి ఒక్క మాటలో జవాబు లేదు. బార్కర్ నడిపిన ఆ షో 1972లో మొదలైంది. బార్కర్ ఎపిసోడ్ల కోసమే 2020 డిసెంబర్‌లో ప్లూటో టీవీలో (ఇంటర్నెట్‌లో ఉచితంగా వచ్చే టీవీ) పెట్టిన చానెల్, అమ్మ చూస్తున్నది అదే, మాత్రం 1982 ఎపిసోడ్ల నుంచి మొదలుపెట్టింది. మధ్యలో పదేళ్లు మాయం. ఎందుకో తెలుసుకోవడం మొదలుపెట్టాక నాకు అర్థమైంది ఏమిటంటే, కేబుల్ టీవీలో మళ్లీ మళ్లీ వచ్చే పాత గేమ్ షోలను ఎవరూ కూర్చుని ఏరలేదు. బాగున్నవి నిలిచి బాగోలేనివి పోలేదు. టేపు బతికి ఉండాలి, దాని హక్కు ఎవరి చేతిలో ఉందో తేలాలి, వేయడానికి ఎవరూ అడ్డుపడకూడదు, వేస్తే నాలుగు డబ్బులు రావాలి. ఇన్ని కలిసొచ్చినవే మనదాకా వస్తాయి. ఏ ఒక్కటి తప్పినా ఎంత గొప్ప ఎపిసోడ్ అయినా చీకట్లోనే ఉండిపోతుంది.

ముందు టేపు సంగతి. 1950ల్లో అమెరికాలో గేమ్ షోలు చాలావరకు లైవ్. రికార్డు చేయాలంటే టీవీ మానిటర్‌కు ఎదురుగా సినిమా కెమెరా పెట్టి, తెర మీద కనిపించేదాన్నే ఫిల్ముకు ఎక్కించేవారు. దాన్ని కైనెస్కోప్ అనేవారు. 1956లో వీడియో టేపు వచ్చింది. రెండంగుళాల వెడల్పు, గంట నిడివి ఉన్న ఒక్క రీలు అప్పట్లో దాదాపు 300 డాలర్లు. అయితే కొత్త టేపులో ఒక సుగుణం ఉంది: చెరిపేసి మళ్లీ వాడుకోవచ్చు. పాత షోలకు అదే శాపమైంది. గేమ్ షో అంటే అప్పటివాళ్ల దృష్టిలో ఆ పూట పేపరు లాంటిది. ఎవరు గెలిచారో తెలిసిపోయాక మళ్లీ ఎవరు చూస్తారు? ఆ లెక్కతో చెరిపేసి, అదే టేపు మీద ఇంకో కార్యక్రమం ఎక్కించారు.

‘జెపర్డీ’ పేరు క్విజ్ ఇష్టపడేవాళ్లలో వినని వాళ్లుండరు. దాని మొదటి రూపం ఆర్ట్ ఫ్లెమింగ్ హోస్టుగా 1964 నుంచి 1975 వరకు ఎన్‌బీసీ అనే టీవీ నెట్‌వర్క్‌లో వచ్చింది. 2,700కు పైగా ఎపిసోడ్లు. వాటిలో ఇవాళ మిగిలినవి బహుకొద్ది. పదకొండేళ్ల పాటు రోజూ జనం చూసిన షో అది. ఆ స్టూడియోలో నిలబడి జవాబు చెప్పిన వాళ్లలో చాలామంది ముఖాలు ఇప్పుడు ఎక్కడా లేవు.

దీనికి పూర్తిగా ఎదురు కథ ‘వాట్స్ మై లైన్’ది. సీబీఎస్ అనే ఇంకో నెట్‌వర్క్‌లో 1950లో మొదలై 1967 దాకా నడిచింది. ప్యానెల్ సభ్యులు ప్రశ్నలు వేసి, ఎదురుగా వచ్చి కూర్చున్న మనిషి వృత్తి ఏమిటో కనిపెట్టాలి. ప్రముఖులు వచ్చినప్పుడు మాత్రం కళ్లకు గంతలు కట్టుకుని, వాళ్లెవరో కనిపెట్టాలి. అమెరికా మాజీ అధ్యక్షుడి భార్య ఎలియనోర్ రూజ్‌వెల్ట్, చిత్రకారుడు సాల్వడార్ డాలీ లాంటివాళ్లు ఆ కుర్చీలో కూర్చున్నారు. నిర్మాతలు మార్క్ గుడ్‌సన్, బిల్ టాడ్‌మన్. తమ షో ఫిల్ములు నాశనమవుతున్నాయని 1952లో వాళ్లకు తెలిసింది. వెంటనే నెట్‌వర్క్ దగ్గరకెళ్లి, ప్రతి ఎపిసోడ్‌కూ ఒక కాపీ ఉంచండి, ఖర్చు మేమిస్తాం అన్నారు. అప్పటికే మొదటి రెండేళ్లలో మిగిలినవి ఓ పది. ఆ తర్వాతవి మాత్రం ఆ ఒక్క నిర్ణయం వల్ల చాలావరకు బతికాయి. అర్ధరాత్రి వేళ నలుపు తెలుపు ఎపిసోడ్లు వేసే చానెల్ నలభై ఏళ్ల తర్వాత వస్తుందని వాళ్లు కలగని ఉండరు. తమ పని తమకు విలువైనదనిపించింది, దాచుకున్నారు. ఈ కథ మొత్తంలో నాకు బాగా నచ్చే ఘట్టం ఇదే.

అలా దాచుకోవడం వల్ల ఏం మిగులుతుందో చూడండి. ఈ ఇద్దరిదే ఇంకో షో ‘ఐ హావ్ గాట్ ఎ సీక్రెట్’. 1956 ఫిబ్రవరి. గ్యారీ మూర్ హోస్టు. 95 ఏళ్ల పెద్దాయన శామ్యూల్ సీమూర్ మెల్లగా వచ్చి కూర్చున్నారు. షో కోసం న్యూయార్క్ వచ్చి హోటల్లో జారిపడ్డారు, కన్ను వాచి ఉంది. అయినా వస్తానని పట్టుబట్టారు. ఆయన రహస్యం ఏమిటో ప్యానెల్ కనుక్కోవాలి. 1865 ఏప్రిల్ 14 రాత్రి, అయిదేళ్ల పిల్లాడిగా ఉన్నప్పుడు, ఫోర్డ్స్ థియేటర్లో అబ్రహాం లింకన్ మీద కాల్పులు జరగడం చూసినవాళ్లలో బతికున్న ఆఖరి మనిషి ఆయన. హంతకుడు బాల్కనీ నుంచి స్టేజీ మీదకు దూకినప్పుడు ఆ పిల్లాడికి తుపాకీ సంగతి అర్థం కాలేదు, పాపం ఎవరో పడిపోయారే అని బాధపడ్డాడు. ఆ షోకు స్పాన్సర్ విన్‌స్టన్ సిగరెట్లు. ఆ పేరే సెట్టు మీద పెద్ద అక్షరాల్లో ఉంటుంది. వచ్చినవాళ్లకు సిగరెట్లు కానుకగా ఇచ్చేవారు. ఈయన సిగరెట్ తాగరు, పైపు తాగుతారు. అందుకని పైపు పొగాకు డబ్బా ఒకటి ఇచ్చారు. రెండు నెలలకే, ఏప్రిల్‌లో, ఆయన పోయారు.

లింకన్ హత్యను కళ్లారా చూసిన మనిషి టీవీలో కనిపించి మాట్లాడిన ఆ కొద్ది నిమిషాలు ఒక గేమ్ షో ఫిల్ములో ఉన్నాయి. పుస్తకంలో చదవడానికీ, ఆ వాచిన కన్నూ ఆ వణికే గొంతూ చూడటానికీ చాలా తేడా ఉంది. టీవీలో సిగరెట్ ప్రకటనలను అమెరికా 1971లో నిషేధించింది. ఈ ఎపిసోడ్లు మళ్లీ వేసినప్పుడు మాత్రం విన్‌స్టన్ అక్షరాలు అలాగే కనిపిస్తాయి. సెట్టులోంచి వాటిని పీకేయడం ఎవరి తరం?

సరే, టేపు బతికింది అనుకుందాం. అది ఎవరిది? చాలామంది తికమకపడేది ఇక్కడే. మనకు తెలిసిన ఉదాహరణ చూద్దాం. 2014లో మా టీవీలో నాగార్జున ‘మీలో ఎవరు కోటీశ్వరుడు’ చేశారు. 2021లో జెమినీ టీవీలో ఎన్టీఆర్ ‘ఎవరు మీలో కోటీశ్వరులు’ చేశారు. ఆట ఒకటే, 1998లో ఇంగ్లండ్‌లో పుట్టినది. ఆటను కొత్తగా తీసుకునే హక్కు వేరు, ఒకసారి తీసిన ఎపిసోడ్లను మళ్లీ వేసుకునే హక్కు వేరు. మొదటిదాన్ని ఫార్మాట్ అంటారు. రెండోది తయారైన సరుకు. పాత షోలు వేసే చానెల్‌కు కావాల్సింది ఆ సరుకు. అది ఎవరి గోదాములో ఉందో వాళ్లతో మాట్లాడుకోవాలి, అదీ ఇన్నాళ్లని గడువు పెట్టుకుని.

అమెరికాలో ఈ గోదాములు రెండు పెద్ద చేతుల్లోకి వెళ్లాయి. ‘జెపర్డీ’, ‘వీల్ ఆఫ్ ఫార్చూన్’ సృష్టికర్త మెర్వ్ గ్రిఫిన్ 1986లో తన కంపెనీని కోకాకోలాకు అమ్మేశారు. కూల్‌డ్రింకు కంపెనీకి గేమ్ షోలెందుకు అనుకోకండి, అప్పట్లో కొలంబియా పిక్చర్స్ వాళ్లదే. 1989లో సోనీ ఆ కొలంబియాను కొనేసింది. వాటితోపాటు ‘న్యూలీవెడ్ గేమ్’, ‘డేటింగ్ గేమ్’, ‘జోకర్స్ వైల్డ్’ లాంటి పాత షోల సంపుటాలు కూడా సోనీ గూటికే చేరాయి. ఇంత సరుకు చేతిలో ఉన్నాక ఆ కంపెనీ చేసింది చాలా సహజమైన పని. 1994 డిసెంబర్ 1న గేమ్ షో నెట్‌వర్క్ అనే కేబుల్ చానెల్ మొదలైంది. ఇరవై నాలుగు గంటలూ గేమ్ షోలే.

అయితే జనం ఎక్కువగా ఎదురుచూసేవి గుడ్‌సన్, టాడ్‌మన్ షోలు: ‘మ్యాచ్ గేమ్’, ‘ఫ్యామిలీ ఫ్యూడ్’, ‘పాస్‌వర్డ్’, ‘ద ప్రైస్ ఈజ్ రైట్’. ఇవి సోనీవి కావు. టాడ్‌మన్ 1979లో, గుడ్‌సన్ 1992లో పోయాక ఆ సంపుటం చేతులు మారి మారి చివరికి ఇప్పటి ఫ్రీమాంటిల్ అనే కంపెనీ దగ్గరకు చేరింది. చానెల్ వాటిని గడువు ఒప్పందం మీద తెచ్చుకుని వేసేది. 1997 అక్టోబర్‌లో ఆ గడువు అయిపోయింది. రాత్రికి రాత్రి ఆ షోలు చాలావరకు చానెల్‌లోంచి మాయమయ్యాయి. 1998 ఏప్రిల్ దాకా అదే పరిస్థితి. పాత గేమ్ షోల అభిమానులు ఆ ఆరు నెలలను ఇప్పటికీ ‘చీకటి కాలం’ అనే పిలుస్తారు. అద్దెకు తెచ్చుకున్న పెళ్లి సామాను లాంటిది ఈ వ్యవహారం. గడువు తీరితే పందిట్లో ఎంతమంది ఉన్నా కుర్చీలు ఎత్తుకెళ్తారు.

ఇప్పుడు అమ్మ ప్రశ్నకు వద్దాం. ‘ద ప్రైస్ ఈజ్ రైట్’ మొదటి పదేళ్ల టేపులు చెరిగిపోలేదు. సీబీఎస్ 1970ల మొదట్లోనే చెరిపే అలవాటు మానేసింది. 1973లో సీబీఎస్‌లో మొదలైన ‘మ్యాచ్ గేమ్’ ఇవాళ్టికీ ఇన్ని వందల ఎపిసోడ్లు దొరకడానికి కారణం కూడా అదే. హక్కుల చిక్కూ పెద్దది కాదు. అడ్డం వచ్చింది బహుమతులు. ఆ రోజుల్లో జంతువుల చర్మంతో చేసిన ఫర్ కోట్లు ఖరీదైన బహుమతుల కింద ఇచ్చేవారు. బార్కర్ జంతు హక్కుల కోసం గట్టిగా నిలబడిన మనిషి. 1982లో ఫర్ కోట్లను షోలోంచి తీసేయించారు. పాతవి మళ్లీ వేసేటప్పుడు కూడా ఫర్ ఉన్న ఎపిసోడ్లు పక్కన పెట్టేశారు. ప్లూటోలో ఆ చానెల్ 1982 నుంచే మొదలవడం వెనక కథ ఇది.

నేను ఈ విషయం మీద చాలాసార్లు ఆలోచించాను. బార్కర్ పట్టుదల నాకు గౌరవంగానే అనిపిస్తుంది. తను నమ్మినదాని కోసం తన సొంత షోనే కోసుకున్నారు. కానీ ఒక ఎపిసోడ్‌లో ఒక కోటు కనిపిస్తే ఆ రోజు వచ్చిన కంటెస్టెంట్లందరూ, వాళ్ల కేరింతలూ, ఆ ఏటి బియ్యం ధరా సబ్బు ధరా అన్నీ దాంతోపాటే మూలకు పోతున్నాయి. సిగరెట్ పేరు కనిపించే ఎపిసోడ్ వేస్తున్నప్పుడు కోటు కనిపించే ఎపిసోడ్ ముందు నాలుగు మాటల వివరణ వేసి చూపించవచ్చు కదా. చూసేవాళ్లకు ఆ కాలం ఎలా ఉండేదో ఇంకాస్త బాగా తెలుస్తుంది. 2023 ఆగస్టులో బార్కర్ 99 ఏళ్ల వయసులో కన్నుమూశారు. ఆ మాట ఇప్పుడు ఆయనతో చర్చించే వీలు లేదు.

ఇష్టం లేక దాచినవి కొన్నైతే, సిగ్గుపడి దాచినది ఒకటుంది. అది మైకేల్ లార్సన్ కథ.

1984. ఒహాయోకు చెందిన లార్సన్ ఐస్‌క్రీమ్ బండి నడిపేవాడు, అప్పటికి ఆ పనీ లేదు. ‘ప్రెస్ యువర్ లక్’ అనే కొత్త షోలో ఒక పెద్ద బోర్డు ఉంటుంది. పద్దెనిమిది గళ్లు. లైటు గడి నుంచి గడికి గెంతుతూ తిరుగుతుంటుంది. బటన్ నొక్కినప్పుడు లైటు ఎక్కడ ఆగితే అక్కడున్నది మీది. డబ్బు ఉండొచ్చు, లేదా ‘వామీ’ అనే బొమ్మ వచ్చి అంతవరకు గెలిచిందంతా ఊడ్చుకుపోవచ్చు. చూసేవాళ్లందరూ అది పూర్తిగా అదృష్టమే అనుకున్నారు. లార్సన్ వీసీఆర్‌లో ఎపిసోడ్లు రికార్డు చేసుకుని, ఒక్కో ఫ్రేమూ ఆపి ఆపి చూశాడు. లైటు తిరిగే క్రమాలు మొత్తం అయిదే అని తేలింది. పైగా రెండు గళ్లలో వామీ ఎప్పుడూ రాదు, అక్కడ డబ్బుతోపాటు ఇంకోసారి ఆడే అవకాశం కూడా వస్తుంది. అయిదు క్రమాలూ బట్టీ పట్టి, లాస్ ఏంజెలెస్ వెళ్లి, షోలో చోటు సంపాదించాడు.

మొట్టమొదటి నొక్కుడుకే వామీ తగిలింది. చేయి కుదరలేదు. రెండో రౌండుకు కుదిరింది. ఆ ఎపిసోడ్ చూస్తే అతని కళ్లు చూడాలి. పక్కవాళ్లు బోర్డు మీద మొక్కుకుంటూ నొక్కుతుంటే, అతను లైటును వెంటాడుతున్నాడు. బటన్ నొక్కీ నొక్కకముందే, ఏం వచ్చిందో తెర మీద కనిపించకముందే, చేతులెత్తి ఆనందపడుతున్నాడు. ఎక్కడ ఆగుతుందో ముందే తెలుసు కాబట్టి. నలభైకి పైగా సార్లు వరుసగా వామీ తగలకుండా లాగాడు. హోస్ట్ పీటర్ టొమార్కెన్ ముఖంలో నవ్వు పోయి అయోమయం వచ్చేసింది. మొత్తం 1,10,237 డాలర్లు. ఆట అరగంటలో పట్టక జూన్ 8న సగం, 11న సగం వేయాల్సి వచ్చింది. సీబీఎస్ వాళ్లు టేపులు ముందుకూ వెనక్కూ తిప్పి చూసుకున్నారు. జాగ్రత్తగా చూడకూడదని ఏ నిబంధనా లేదు. డబ్బు ఇచ్చేశారు, బోర్డు క్రమాలు పెంచేశారు.

ఆ తర్వాత యూఎస్ఏ నెట్‌వర్క్ అనే కేబుల్ చానెల్ 1987 నుంచి ఈ షో పాత ఎపిసోడ్లు వేసింది. అందులో లార్సన్ ఎపిసోడ్లు లేవు. దాదాపు పందొమ్మిదేళ్లు అవి ఎవరికీ కనిపించలేదు. 2003 మార్చిలో గేమ్ షో నెట్‌వర్క్ వాటితో ఒక డాక్యుమెంటరీ తీసి వేసింది. లార్సన్ అప్పటికి లేడు, 1999లో గొంతు క్యాన్సర్‌తో పోయాడు. ఎవరూ మోసం చేయని ఆటను ఎందుకంత దాచారంటే, నా ఉద్దేశంలో పాత గాయమే కారణం. 1956లో ‘ట్వంటీ వన్’ అనే క్విజ్‌లో చార్లెస్ వాన్ డోరెన్ అనే పోటీదారుడికి ముందే జవాబులు చెప్పి గెలిపించిన సంగతి బయటపడి, 1959లో అమెరికా కాంగ్రెస్ దాకా వెళ్లింది. 1960లో క్విజ్‌లలో మోసాన్ని నేరం చేస్తూ చట్టం తెచ్చారు. ఆ దెబ్బ తిన్న నెట్‌వర్కులకు గేమ్ షోలో ఏ చిన్న తేడా కనిపించినా టెన్షనే.

ఇక డబ్బు. అమెరికా కేబుల్ చానెల్‌కు ఆదాయం రెండు దారుల్లో వస్తుంది. కేబుల్ కంపెనీ ఒక్కో కనెక్షన్‌కు నెలకు ఇంత అని చానెల్‌కు ఇస్తుంది. మన సెట్‌టాప్ బాక్స్ ప్యాకేజీ లాగే, చానెల్ చూసినా చూడకపోయినా లెక్కలో పడుతుంది. రెండోది ప్రకటనలు. పాత గేమ్ షోలకు ఖర్చు తక్కువ, సెట్టు లేదు, బహుమతులు ఏనాడో ఇచ్చేశారు. కాబట్టి గంటలు నింపడానికి ఇంతకంటే చవకైన సరుకు దొరకడం కష్టం. చిక్కు ఎక్కడంటే, వాటిని ఇష్టంగా చూసేది ఎక్కువగా పెద్దవయసువాళ్లు. ప్రకటనలు ఇచ్చే కంపెనీలు మంచి రేటు పెట్టేది 18 నుంచి 49, లేదా 25 నుంచి 54 ఏళ్ల మధ్యవాళ్లకు. మా అమ్మ ఎంత శ్రద్ధగా చూసినా ఆ లెక్కలో ఆమె విలువ తక్కువే. అందుకే గేమ్ షో నెట్‌వర్క్ 2004లో పేరును జీఎస్ఎన్‌గా కుదించుకుని పేకాటలు, సొంత షోలు వేయడం పెంచింది. తర్వాత స్టీవ్ హార్వీ 2010 నుంచి నడుపుతున్న ‘ఫ్యామిలీ ఫ్యూడ్’ రిపీట్లు గంటల తరబడి వేయసాగింది. పాతవాటిని నమ్ముకున్న జనం నొచ్చుకున్నారు. నేనూ వాళ్ల పక్షమే.

వేసిన పాతవి కూడా అన్నీ నిండుగా రావు. అప్పటికంటే ఇప్పుడు అరగంటలో ప్రకటనల సమయం ఎక్కువ. కాబట్టి ఎపిసోడ్‌లో అక్కడక్కడా కోత పడుతుంది. చివర్లో పనిచేసినవాళ్ల పేర్లు తెర మూలకు నొక్కేస్తారు.

మూసుకున్న తలుపు పక్కన ఇంకోటి తెరుచుకుంది. 2015 జూన్‌లో ఫ్రీమాంటిల్ తన గోదాములో సరుకుతో బజర్ అనే చానెల్ పెట్టింది. మొదట్లో అది ఇంటి మీద యాంటెన్నా ఉంటే చాలు, ఉచితంగా వచ్చేది. ఆ తర్వాత వచ్చిందే అమ్మ చూసిన ప్లూటో చానెల్. పాతవాటిని కేబుల్ పక్కకు నెట్టేస్తే, అవే కేబుల్ బయట దారి వెతుక్కున్నాయి. మరి కొన్నింటిని దాచింది మామూలు జనమే. గేమ్ షో నెట్‌వర్క్ వేసిన ‘వాట్స్ మై లైన్’ ఎపిసోడ్లను ఇళ్లలో రికార్డు చేసుకున్నవాళ్లు వాటిని యూట్యూబ్‌లో పెట్టారు. మూలన చానెల్ లోగో అలాగే ఉంటుంది.

ఫలితం తెలిసిపోయాక ఎవరు చూస్తారని టేపులు చెరిపినవాళ్లు ఒక సంగతి పట్టించుకోలేదు. ఈ ఆటల్లో ఎవరు గెలిచారో తెలిసిపోయినా, ఇంట్లో కూర్చున్నవాళ్లు ఆడటానికి అదేమీ అడ్డుకాదు. ప్రశ్న వినగానే జవాబు మనకూ తెలియదు. కాలం గడిచేకొద్దీ ఆట మారుతుంది కూడా. 1980ల మొదట్లో ‘ద ప్రైస్ ఈజ్ రైట్’లో కార్ల ధర నాలుగంకెలు. అందుకే కొన్ని ఆటల్లో నాలుగంకెలు కనుక్కుంటే చాలు. కార్లు పదివేలు దాటాక ఆటలనే మార్చుకోవాల్సి వచ్చింది. ఇప్పుడు చూసేవాళ్లు వస్తువు ధరతోపాటు ఆ కాలాన్ని కూడా అంచనా కట్టాలి.

అమ్మ ఇప్పుడు తెనాలిలోనే ఉంది. మొన్న ఫోన్లో మాట్లాడుతుంటే మధ్యలో అడిగింది. “ఆ తెల్లజుట్టాయన ఉన్నాడే, ఆయనవే ఇంకా పాతవి దొరికాయా?” ఇంకా లేదమ్మా అన్నాను. ఫర్ కోట్ల సంగతి మళ్లీ చెప్పాను. కాసేపు ఏమీ అనలేదు. తర్వాత, “కోటు చూపించినప్పుడు కళ్లు మూసుకుంటాలే, వెయ్యమను” అంది.